మీథేన్ సంస్కరణ ఉత్ప్రేరకాలు

మీథేన్ సంస్కరణ ఉత్ప్రేరకాలు అనగా సహజవాయువులోని మీథేన్‌ను నీటి ఆవిరితో గాని, కార్బన్ డయాక్సైడ్‌తో గాని, పరిమితమైన ఆక్సిజన్‌తో గాని చర్య జరిపించి సంశ్లేషణ వాయువుగా మార్చటానికి వాడే ఘనపదార్థాలు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ (ఉదజని) వాయువుల మిశ్రమాన్ని సంశ్లేషణ వాయువు అంటారు. వాడుకలో దీనికి సింగ్యాస్ అనే పేరు కూడా ఉన్నది. యూరియాకు మూలమైన అమ్మోనియా, మిథనాల్, కృత్రిమ డీజిలు, నూనెశుద్ధి కర్మాగారాలకు కావలసిన హైడ్రోజన్ చాలావరకు ఈ మిశ్రమం మీదుగానే తయారవుతాయి. 2023లో ప్రపంచం మొత్తం మీద సుమారు 9.7 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఉత్పత్తి కాగా అందులో అరవై శాతానికి పైగా సహజవాయువు నుండి వచ్చినదే.

పరిశ్రమలో వాడే ఉత్ప్రేరకాలలో అత్యధికం నికెల్ లోహంతో తయారైనవి. చర్యను చురుకుగా జరిపించే నికెల్ పొడిని తయారుచేయటం ఏ కళాశాల ప్రయోగశాలలోనైనా సాధ్యమే. 800 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిలో, అధిక పీడనం గల ఆవిరి మధ్య, నాలుగైదు సంవత్సరాలపాటు అది అదే చురుకుదనంతో పనిచేసేటట్లు చూడటం మాత్రం నేటికీ పూర్తిగా లొంగని సమస్య. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ మన్నికకు సంబంధించినది.

మీథేన్ స్వభావం

మీథేన్ అణువులో ఒక కర్బన పరమాణువు చుట్టూ నాలుగు హైడ్రోజన్ పరమాణువులు చతుర్ముఖి ఆకారంలో అమరి ఉంటాయి. అన్ని వైపుల నుండి ఒకే విధంగా కనిపించే ఈ అణువుకు ధ్రువత్వం లేదు. చర్యకు పట్టు దొరికే మెత్తని చోటంటూ ఏదీ లేదు. మొదటి కర్బన–హైడ్రోజన్ బంధాన్ని తెంచటానికి మోలుకు దాదాపు 439 కిలోజౌళ్ళ శక్తి కావాలి. మండించటం తేలిక, ఎందుకంటే మంటలో ఏర్పడే చురుకైన శకలాలు ఆ పని చేసిపెడతాయి. మండిపోకుండా మధ్యలో ఆపి, ఉపయోగపడే పదార్థంగా మార్చటంలోనే చిక్కు ఉన్నది. లోహపు ఉపరితలం ఆ బంధాన్ని కొంచెం కొంచెంగా సాగదీసి, తెగిన ముక్కలను తనమీద నిలుపుకొని, ఈ ఖర్చును చాలావరకు తగ్గిస్తుంది. 2004లో అమెరికాలోని బర్క్‌లీలో జున్‌మీ వై, ఎన్రికే ఇగ్లేసియా చేసిన కొలతల ప్రకారం చర్యావేగం మీథేన్ పాక్షిక పీడనం మీదనే ఆధారపడుతుంది, తోడుగా పంపినది ఆవిరి అయినా, కార్బన్ డయాక్సైడ్ అయినా పెద్దగా తేడా ఉండదు. అనగా ఆ మొదటి బంధం తెగటమే మొత్తం వ్యవహారంలో నిదానమైన మెట్టు.

ప్రధాన చర్యలు

నీటి ఆవిరితో జరిగేది ఆవిరి సంస్కరణ:

మీథేన్ + నీటి ఆవిరి ⇌ కార్బన్ మోనాక్సైడ్ + 3 హైడ్రోజన్

ఇది మోలుకు 206 కిలోజౌళ్ళ వేడిని పీల్చుకొనే ఉష్ణగ్రాహక చర్య. దీని వెంటనే మరొక చర్య కూడా జరుగుతుంది. పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌లో కొంతభాగం మిగిలిన ఆవిరితో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా, మరింత హైడ్రోజన్‌గా మారుతుంది. ఇది 41 కిలోజౌళ్ళను విడుదల చేస్తుంది.

ఆవిరికి బదులు కార్బన్ డయాక్సైడ్‌ను వాడితే అది పొడి సంస్కరణ:

మీథేన్ + కార్బన్ డయాక్సైడ్ ⇌ 2 కార్బన్ మోనాక్సైడ్ + 2 హైడ్రోజన్

దీనికి 247 కిలోజౌళ్ళు కావాలి. మూడవది పాక్షిక ఆక్సీకరణం. మీథేన్‌కు సగం పాలు ఆక్సిజన్‌ను మాత్రమే ఇస్తే ఒక పాలు కార్బన్ మోనాక్సైడ్, రెండు పాళ్ళు హైడ్రోజన్ వస్తాయి. 36 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది.

మూడింటిలోనూ హైడ్రోజన్‌కు, కార్బన్ మోనాక్సైడ్‌కు గల నిష్పత్తి వేరువేరు: వరుసగా మూడు, ఒకటి, రెండు. మిథనాల్‌కు, కృత్రిమ డీజిలుకు రెండు ఉంటే చాలు. అమ్మోనియాకు కావలసినది హైడ్రోజన్ మాత్రమే కాబట్టి అక్కడ ఆవిరి సంస్కరణదే రాజ్యం. ఆవిరిని, కార్బన్ డయాక్సైడ్‌ను తగిన పాళ్ళలో కలిపి పంపి నిష్పత్తిని రెండుకు తెచ్చే పద్ధతిని నోబెల్ బహుమతి గ్రహీత జార్జ్ ఓలా తన చివరి సంవత్సరాలలో ద్విసంస్కరణ అనే పేరుతో ప్రతిపాదించాడు. 2013లో వెలువడిన ఆ పరిశోధనలో వాడినది కూడా నికెల్, మెగ్నీషియాల ఉత్ప్రేరకమే.

చరిత్ర

ఈ కథ తిరగబడి మొదలయింది. ఫ్రాన్సులో పాల్ సబాటియే, సెండెరెన్స్ 1902లో కార్బన్ మోనాక్సైడ్‌ను హైడ్రోజన్‌తో కలిపి నికెల్ మీదుగా పంపి మీథేన్‌ను తయారుచేశారు. ఉత్ప్రేరకం ఏ ద్విగత చర్యనైనా రెండు దిశలలోనూ ఒకే విధంగా త్వరపరుస్తుంది కాబట్టి, వేడి పెంచితే అదే నికెల్ మీథేన్‌ను వెనుకకు విడగొట్టగలదని త్వరలోనే తేలింది. జర్మనీలో న్యూమన్, జాకోబ్ 1924లో ఆ సమతాస్థితిని కొలిచారు. నాలుగేళ్ళ తరువాత ఫ్రాంజ్ ఫిషర్, హన్స్ ట్రాప్ష్ పొడి సంస్కరణను వివిధ లోహాల మీద పరిశీలించారు. మసి పట్టటం అనే బెడద ఆనాటి నుండే ఈ చర్యను వెన్నాడుతున్నది.

పారిశ్రామికంగా మొదటి ఆవిరి రిఫార్మరు 1930లో అమెరికాలోని బాటన్ రూజ్ వద్ద స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ నూనెశుద్ధి కర్మాగారంలో పనిచేయటం ప్రారంభించింది. ఇంగ్లండులో బిల్లింగ్‌హామ్ వద్ద ఐ.సి.ఐ. సంస్థ 1936లో మరొకటి నెలకొల్పింది. మొదటి తరం రిఫార్మర్లు సాధారణ వాతావరణ పీడనానికి దగ్గరగా పనిచేసేవి. గొట్టాల లోహశాస్త్రం, ఉత్ప్రేరకాల నాణ్యత కలిసి పెరిగిన కొద్దీ 1960వ దశకంలో అధిక పీడన రిఫార్మర్లు వచ్చాయి. ఆ తరువాతి పరిశోధనలో డెన్మార్కుకు చెందిన హాల్డోర్ టాప్సో సంస్థకు, అందులో దశాబ్దాలపాటు పనిచేసిన యెన్స్ రోస్ట్రుప్-నీల్సెన్‌కు ప్రత్యేక స్థానం ఉన్నది. ఉత్ప్రేరకం ఎందుకు చెడిపోతుందో ఈనాడు మనకు తెలిసినదానిలో పెద్దభాగం ఆ ప్రయోగశాల నుండి వచ్చినదే.

భారతదేశంలో పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో వసంత్ చౌధరి బృందం 1990వ దశకం ఆరంభంలో నికెల్‌ను సున్నంతో, మెగ్నీషియాతో కలిపి మీథేన్ పాక్షిక ఆక్సీకరణం మీద చేసిన కృషి అంతర్జాతీయంగా గుర్తింపు పొందినది.

రిఫార్మరు గొట్టంలో పరిస్థితులు

రిఫార్మరు అంటే ఒక పెద్ద కొలిమి. అందులో పది పన్నెండు మీటర్ల పొడవు, జానెడు కన్నా సన్నని లోపలి వ్యాసం గల గొట్టాలు వందల సంఖ్యలో నిలువుగా వేలాడుతూ ఉంటాయి. గొట్టాల నిండా ఉత్ప్రేరకపు బిళ్ళలు. బయట మంటలు, లోపల మీథేన్, ఆవిరి. వాయువులు 20 నుండి 40 వాతావరణాల పీడనం వద్ద ప్రవేశించి, 800 నుండి 950 డిగ్రీల మధ్య బయటకు వస్తాయి.

ఇక్కడ పాఠకునికి ఒక సందేహం రావాలి. రెండు అణువులు నాలుగు అణువులుగా మారే చర్య కాబట్టి తక్కువ పీడనమే మేలు చేయాలి కదా? నిజమే. కాని తరువాతి దశలలో, ముఖ్యంగా అమ్మోనియా తయారీలో, వంద వాతావరణాలకు మించిన పీడనం కావాలి. పరిమాణంలో పెరిగిన తరువాత వాయువును నొక్కటం కన్నా, పెరగకముందే నొక్కి పంపటం చవక. ఆ ఆదాకు మూల్యంగా వేడి పెంచవలసి వచ్చింది. ఆ వేడి భారమంతా గొట్టం మీద, ఉత్ప్రేరకం మీద పడింది.

గొట్టాలను నికెల్, క్రోమియం, నియోబియం గల ఖరీదైన మిశ్రలోహంతో పోతపోస్తారు. లక్ష గంటల ఆయుర్దాయానికి వీటిని రూపొందిస్తారు. గొట్టపు గోడ ఉష్ణోగ్రత అనుకున్నదానికన్నా 20 డిగ్రీలు పెరిగితే ఆయుర్దాయం సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. ఉత్ప్రేరకం బాగా పనిచేస్తున్నంతకాలం చర్య వేడిని పీల్చుకుంటూ గొట్టాన్ని చల్లగా ఉంచుతుంది. ఒకచోట ఉత్ప్రేరకం మందగిస్తే అక్కడ పీల్చుకొనే నాథుడు లేక గోడ ఎర్రబడుతుంది. ఎర్రబడినచోట మీథేన్ విడిపోయి మసి పేరుకుంటుంది. మసి వలన ఉత్ప్రేరకం మరింత మందగిస్తుంది. కొలిమి కిటికీలోంచి చూసేవారికి గొట్టాల మీద కాంతివంతమైన పట్టీలు కనిపిస్తాయి. వీటిని కర్మాగారాలలో పులిచారలని పిలవటం కూడా కలదు. ఆ చారలను పట్టించుకోకపోతే చివరకు గొట్టం పగులుతుంది. ఉత్ప్రేరకపు మన్నిక అనేది రసాయన శాస్త్రవేత్తల ముచ్చట మాత్రమే కాదని చెప్పటానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

బిళ్ళల ఆకారం గురించి ఒక మాట. ఈ వేడిలో చర్య ఎంత వేగంగా జరుగుతుందంటే, వాయువు బిళ్ళ లోతుకు చేరేలోపే పని ముగిసిపోతుంది. బిళ్ళలోని నికెల్‌లో పదోవంతు కూడా నిజంగా ఉపయోగపడదు. అందుకే బిళ్ళలను గుండుగా కాక, గారెల వలె నడుమ రంధ్రంతో గాని, అనేక రంధ్రాలు గల స్తూపాలుగా గాని చేస్తారు. పైభాగం పెరుగుతుంది, వాయు ప్రవాహానికి అడ్డు తగ్గుతుంది, గోడ నుండి వేడి లోపలకు చక్కగా అందుతుంది.

ఉత్ప్రేరకం చెడిపోయే విధానాలు

సేహెస్టెడ్ అనే టాప్సో శాస్త్రవేత్త 2006లో రాసిన సమీక్షలో నికెల్ ఉత్ప్రేరకాలకు నాలుగు సవాళ్ళను పేర్కొన్నాడు: చురుకుదనం, గంధకపు విషం, కర్బన నిక్షేపం, కణాల సంలీనం. మొదటిదానికి పరిష్కారం ఉన్నది. మిగిలిన మూడూ మన్నికకు సంబంధించినవి.

గంధకం సంగతి సూటిగా చెప్పవచ్చును. సహజవాయువులోని హైడ్రోజన్ సల్ఫైడ్ నికెల్‌కు గట్టిగా అతుక్కొని చర్య జరిగే చోట్లను మూసివేస్తుంది. పది లక్షల భాగాలలో ఒక భాగం గంధకమున్నా హాని జరుగుతుంది. అందుచేత వాయువును ముందుగా కోబాల్ట్–మాలిబ్డినం ఉత్ప్రేరకం మీదుగా పంపి, గంధకాన్నంతటినీ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చి, జింక్ ఆక్సైడ్ పొరలో పట్టివేస్తారు. ఆ పొర నిండిపోయినా గమనించక నడిపితే రిఫార్మరు పైభాగంలోని ఉత్ప్రేరకం మొదట బలవుతుంది.

కర్బన నిక్షేపం ఇంతకన్నా క్లిష్టమైనది. మసి రెండు దారుల గుండా వస్తుంది. మీథేన్ నేరుగా కర్బనంగా, హైడ్రోజన్‌గా విడిపోవటం ఒకటి. ఇది సుమారు 560 డిగ్రీలకు పైన అనుకూలం. రెండు కార్బన్ మోనాక్సైడ్ అణువులు కలిసి ఒక కార్బన్ డయాక్సైడ్‌గా, ఒక కర్బనంగా మారటం మరొకటి. ఇది సుమారు 700 డిగ్రీలకు దిగువన అనుకూలం. అనగా 560కి, 700కు మధ్య రెండు దారులూ తెరిచే ఉంటాయి. వాయువులు వేడెక్కే క్రమంలో ఆ ప్రాంతాన్ని దాటకుండా పోలేవు. పొడి సంస్కరణలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌లను సమపాళ్ళలో పంపితే సాధారణ పీడనం వద్ద దాదాపు 870 డిగ్రీల వరకు, పది వాతావరణాల వద్ద వెయ్యి డిగ్రీలకు పైవరకు మసి ఏర్పడే అవకాశం ఉన్నదని ఉష్ణగతికశాస్త్రం చెబుతుంది. ఆవిరి సంస్కరణలో ఈ ప్రమాదం నుండి తప్పించుకోవటానికి చర్యకు అవసరమైన ఆవిరి కన్నా రెండున్నర, మూడు రెట్లు పంపుతారు. ఆ అదనపు ఆవిరిని కాచటానికి ఇంధనం ఖర్చవుతుంది. మసి పట్టని ఉత్ప్రేరకం దొరికితే ముందు ఆదా అయ్యేది ఇదే.

నికెల్ మీద పెరిగే మసి మన వంటపాత్రల అడుగున పేరుకొనే మసి వంటిది కాదు. విడిపోయిన కర్బనం నికెల్ కణం ఒకవైపున చేరి, ఆ కణం గుండా, దాని ఉపరితలం వెంట సాగి, మరొకవైపున పోగుగా బయటపడుతుంది. పోగు పెరిగేకొద్దీ నికెల్ కణాన్ని ఆధారం నుండి పెకలించి తన కొసన మోసుకుపోతుంది. చిత్రమేమంటే కొసన ఉన్న ఆ కణం ఇంకా చురుకుగానే ఉంటుంది. కాబట్టి కొలతలలో ఏ లోపమూ కనిపించదు. లోలోపల మాత్రం పోగులు సందులు నింపి, బిళ్ళలను పిండిచేసి, చివరకు గొట్టాన్ని మూసివేస్తాయి. 2004లో స్టిగ్ హెల్వెగ్, సహచరులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఈ పెరుగుదలను జరుగుతుండగానే చిత్రీకరించారు. నికెల్ కణం ఒకసారి సాగి, ఒకసారి ముడుచుకొని, కర్బనపు పొరలను ఒకదానిమీద ఒకటి పేర్చటం అందులో కనిపిస్తుంది. పొరలు మొలకెత్తేది నికెల్ ఉపరితలంలోని పరమాణువుల మెట్ల అంచుల దగ్గర. ఈ పోగులు కర్బన నానోగొట్టాలకు దాయాదులే. ఒక రంగంలో కోరి పెంచుకొనేదాన్నే పక్క రంగంలో పీడగా భావించటం రసాయనశాస్త్రంలో అరుదు కాదు.

ఇక కణాల సంలీనం. పులుసు మీద తేలే నూనె చుక్కలు దగ్గరకు చేరి పెద్ద చుక్కలు కావటం అందరూ చూసినదే. నికెల్ కణాలూ అదే పని చేస్తాయి. నికెల్ 1455 డిగ్రీల వద్ద గాని కరగదు. కాని ద్రవీభవన ఉష్ణోగ్రతను పరమమానంలో సగం చేస్తే వచ్చే విలువ వద్ద (దీనిని టామ్మన్ ఉష్ణోగ్రత అంటారు) ఘనపదార్థంలోని పరమాణువులు కదలటం మొదలుపెడతాయి. నికెల్‌కు అది సుమారు 590 డిగ్రీలు. రిఫార్మరు అంతకన్నా రెండు మూడు వందల డిగ్రీలు ఎక్కువ వేడిలో పనిచేస్తుంది. పది నానోమీటర్ల వ్యాసం గల ఎనిమిది కణాలు కలిసి ఒకటైతే దాని వ్యాసం ఇరవై నానోమీటర్లవుతుంది. బరువు మారదు, ఉపరితలం సగమవుతుంది. వెయ్యి కణాలు ఒకటైతే మిగిలేది పదోవంతు ఉపరితలమే. ఆవిరి ఈ కలయికను వేగిరపరుస్తుంది. నికెల్ పరమాణువులు హైడ్రాక్సిల్ సమూహాలతో జతకట్టి ఉపరితలం మీద సులువుగా ప్రాకటమే కారణమని సేహెస్టెడ్ వివరించాడు. పెద్ద కణాల మీద మసి పోగులు కూడా తేలికగా మొలకెత్తుతాయి కాబట్టి, ఒక రోగం మరొక రోగానికి దారితీస్తుంది.

ఆధారపదార్థం కూడా తక్కువ తిన్నది కాదు. సిలికా అధిక పీడనపు ఆవిరిలో ఆవిరై లేచి, వెళ్ళి దిగువనున్న బాయిలర్లలో గడ్డకడుతుంది. మెగ్నీషియా తక్కువ వేడిలో ఆవిరి తగిలితే హైడ్రాక్సైడుగా ఉబ్బి పొడి అవుతుంది. అందుచేత రిఫార్మరును మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు ఆవిరిని ఎప్పుడు వదలాలో జాగ్రత్తపడవలె. గామా రకపు అల్యూమినా నికెల్‌ను తనలో కలుపుకొని స్పినెల్‌గా మారుస్తుంది. దానిని తిరిగి లోహంగా చేయటం కష్టం. అందుకే పరిశ్రమలో ఎక్కువగా ఆల్ఫా అల్యూమినా, మెగ్నీషియం అల్యూమినేట్, కాల్షియం అల్యూమినేట్ వంటి, ముందుగానే ఎక్కువ వేడికి కాల్చి స్థిరపరచిన పింగాణీ ఆధారాలను వాడతారు.

మన్నికను పెంచే మార్గాలు

పాతకాలపు మార్గం క్షారాన్ని చేర్చటం. కొద్దిపాటి పొటాషియం ఆవిరిని ఉపరితలం మీద నిలిపి, ఏర్పడుతున్న మసిని అప్పటికప్పుడు వాయువుగా మార్చివేస్తుంది. నాఫ్తా వంటి బరువైన ఇంధనాలకు ఇది దాదాపు తప్పనిసరి. కాని పొటాషియం చురుకుదనాన్ని కొంత హరిస్తుంది, క్రమంగా ఆవిరితోపాటు కొట్టుకుపోతుంది కూడా. దానిని ఖనిజరూపంలో బంధించి కొద్దికొద్దిగా విడుదలయ్యేటట్లు చేయటం ఐ.సి.ఐ. శాస్త్రవేత్తల నేర్పు.

రెండవది విషాన్నే మందుగా వాడటం. మసి మొలకెత్తటానికి పక్కపక్కనే ఉన్న నికెల్ పరమాణువులు ఎక్కువ సంఖ్యలో కావాలి; సంస్కరణ చర్యకు అంతకన్నా తక్కువ చాలు. కనుక ఉపరితలంలో ఎక్కువ భాగాన్ని గంధకంతో కావాలని కప్పివేస్తే, మిగిలిన చిన్న చిన్న ఖాళీలలో సంస్కరణ జరుగుతుంది గాని మసి పుట్టదు. రోస్ట్రుప్-నీల్సెన్ 1980వ దశకంలో రూపొందించిన ఈ పద్ధతి పారిశ్రామికంగా కూడా నడిచింది. చురుకుదనం బాగా తగ్గుతుంది కాబట్టి ఉత్ప్రేరకం ఎక్కువ కావాలి, వేడి ఎక్కువ కావాలి. అయినా దీని వెనుకనున్న ఆలోచన మాత్రం తరువాత వచ్చిన మిశ్రలోహ ఉత్ప్రేరకాలన్నింటికీ బాట వేసింది.

అటువంటివాటిలో ప్రసిద్ధమైనది బంగారం–నికెల్. బంగారం నికెల్ లోపల కలవదు, పైపొరలో మాత్రం చోటు చేసుకుంటుంది. 1998లో ఫ్లెమింగ్ బెసెన్‌బాకర్, సహచరులు ముందుగా సిద్ధాంత గణనలతో, సూక్ష్మదర్శినితో ఈ పైపొరను అర్థం చేసుకొని, దాని ఆధారంగా ఉత్ప్రేరకాన్ని తయారుచేసి, అది మసికి తట్టుకుంటుందని చూపారు. గుడ్డిగా వందల మిశ్రమాలను పరీక్షించటమే ఆచారమైన రంగంలో ఇది కొత్త పోకడ. పరిశ్రమలో బంగారం విస్తృతంగా వాడుకలోకి రాలేదు.

రోడియం, రుథీనియం వంటి ఉత్కృష్ట లోహాలలో కర్బనం అంతగా కరగదు కాబట్టి అవి సహజంగానే మసికి లొంగవు. మిన్నెసోటాలో హిక్‌మన్, ష్మిట్ 1993లో రోడియం పూసిన పింగాణీ గుండా మీథేన్, ఆక్సిజన్‌లను సెకనులో వెయ్యో వంతు కాలంలో పంపి సంశ్లేషణ వాయువును రాబట్టారు. అందం ఉన్న ప్రయోగమే గాని, రోడియం ధరను తలచుకుంటే వేల టన్నుల స్థాయిలో దానిని ఊహించటం కష్టం.

నికెల్ కణాలను కదలకుండా కట్టిపడవేయటం ఇటీవలి పరిశోధనలో ఎక్కువ శ్రద్ధ పొందుతున్న మార్గం. నికెల్ ఆక్సైడ్, మెగ్నీషియాలు రెండూ ఉప్పు స్ఫటికం వంటి నిర్మాణం గలవి. ఏ పాళ్ళలోనైనా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందులోనుండి కొద్దిపాటి నికెల్ మాత్రమే లోహంగా బయటపడేటట్లు చేస్తే, చాలా చిన్న కణాలు ఏర్పడి ఆధారాన్ని అంటిపెట్టుకొని ఉంటాయి. జపానులో ఫుజిమోతో, తోమిషిగే 1990వ దశకంలో ఈ మార్గాన్ని లోతుగా పరిశీలించారు.

దీనికి తరువాతి మెట్టు పెరోవ్‌స్కైట్ అనే నిర్మాణం గల ఆక్సైడుల నుండి లోహాన్ని మొలిపించటం. నికెల్‌ను అయాన్ల రూపంలో స్ఫటికం లోపల దాచి, తరువాత హైడ్రోజన్‌లో వేడిచేస్తే నికెల్ పైకి ఉబికి, సగం లోపల, సగం బయట పాతుకొన్న కణాలుగా నిలుస్తుంది. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఇర్విన్ బృందం 2015లో ఇటువంటి కణాలను మసిపోగులు పెకలించలేవని చూపింది. చిగుటిలో దంతం వలె కణం గుంటలో కూరుకొని ఉండటమే దీనికి కారణం. లోపం కూడా చెప్పుకోవాలి: నికెల్‌లో చాలాభాగం స్ఫటికం లోపలే చిక్కుకుపోతుంది, పెరోవ్‌స్కైట్ ఉపరితలం స్వతహాగా తక్కువ.

సిరియం ఆక్సైడ్ తనలోని ఆక్సిజన్‌ను అవసరానికి ఇచ్చి, తిరిగి కార్బన్ డయాక్సైడ్ నుండి గాని, ఆవిరి నుండి గాని పూరించుకోగలదు. నికెల్ పక్కన అది ఉంటే మసి పేరుకొనే ముందే కాలిపోతుంది. 2019లో ఎముకలలో ఉండే ఖనిజమైన హైడ్రాక్సీఅపటైట్ మీద నికెల్‌ను విడివిడి పరమాణువులుగా పరచి, వాటిని నిలపటానికి సిరియంను జోడించిన ఉత్ప్రేరకం పొడి సంస్కరణలో మసిని నిరోధించినట్లు ప్రకటించారు. నికెల్ చుట్టూ సిలికా తొడుగు వేసే పరిశోధనలు కూడా లెక్కకు మిక్కిలి వచ్చాయి. ఆవిరిలో సిలికా గతి ఏమిటో పైన చూశాము కాబట్టి ఆవిరి సంస్కరణకు వీటిని అనుమానంతోనే చూడాలి.

ప్రయోగశాల ఫలితాలు, కర్మాగార అవసరాలు

పత్రికలలో మన్నికైన ఉత్ప్రేరకం అని ప్రకటించినవాటిలో చాలావాటిని పరీక్షించిన కాలం యాభై, వంద గంటలు. ఐదు సంవత్సరాలంటే దాదాపు 44,000 గంటలు. ఇంత తేడా ఉన్నప్పుడు ఆ పదాన్ని కొంచెం పొదుపుగా వాడవలసి ఉంటుంది.

కాలం కన్నా మోసకరమైనది పరీక్షించే పద్ధతి. ఒక గొట్టంలో అవసరానికి పదిరెట్లు ఉత్ప్రేరకం ఉన్నదనుకుందాం. చర్య మొదటి పదోవంతులోనే సమతాస్థితికి చేరుతుంది. ఆ పదోవంతు చచ్చిపోతే రెండవ పదోవంతు పని అందుకుంటుంది. తొమ్మిది వంతులు చచ్చేదాకా బయటకు వచ్చే వాయువులో ఏ మార్పూ ఉండదు. పటంలో గీత చదునుగా కనిపిస్తుంది. ఆ గీతను చూపి ఉత్ప్రేరకం చెక్కుచెదరలేదనటం సరికాదు. సమతాస్థితికి చాలా దూరంగా, తక్కువ మార్పిడి వద్ద వేగాన్ని కొలిచి, చివరన ఉత్ప్రేరకాన్ని తూచి, ఎంత మసి చేరిందో చెప్పినప్పుడే ఆ మాటకు విలువ. పీడనం సంగతి కూడా అటువంటిదే. చాలా ప్రయోగాలు ఒక్క వాతావరణం వద్ద, జడవాయువుతో పలుచన చేసిన మిశ్రమంతో జరుగుతాయి. పీడనం పెరిగితే మసి బెడద ఎంత పెరుగుతుందో పైన చెప్పిన సంఖ్యలే సాక్ష్యం.

పొడి సంస్కరణ గురించి మరొక జాగ్రత్త. రెండు హరితగృహ వాయువులను ఒకేసారి వినియోగించే చర్యగా దీనికి చాలా ప్రచారం ఉన్నది. ఒక మోలు కార్బన్ డయాక్సైడ్‌ను మార్చటానికి 247 కిలోజౌళ్ళు కావాలి. మీథేన్‌ను మండించి ఆ వేడిని తెస్తే, మోలుకు సుమారు 802 కిలోజౌళ్ళ చొప్పున, ఏ నష్టమూ లేకుండా లెక్కవేసినా 0.31 మోలు కార్బన్ డయాక్సైడ్ తిరిగి గాలిలోకి పోతుంది. పైగా తయారైన ఇంధనాన్ని మండిస్తే మిగిలినదీ బయటపడుతుంది. మేలు ఉన్నదా లేదా అనేది వేడి ఎక్కడినుండి వచ్చింది, సరుకు ఏమయింది అనేదానిని బట్టి నిర్ణయించాలి. జర్మనీలో లిండే సంస్థ మ్యూనిక్ దగ్గరి పుల్లాఖ్ వద్ద 2015లో నెలకొల్పిన ప్రయోగాత్మక రిఫార్మరులో బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థతో కలిసి, ఆవిరిని తగ్గించి కార్బన్ డయాక్సైడ్‌ను పెంచి నడిపే పద్ధతిని అభివృద్ధి చేశారు.

మన్నిక సమస్యను మరో విధంగా దాటవేసినవారూ ఉన్నారు. మలేషియాలోని బింటులులో 1993లోను, ఖతార్‌లోని పెర్ల్ కర్మాగారంలో 2011లోను షెల్ సంస్థ ఉత్ప్రేరకం లేకుండానే, వెయ్యి డిగ్రీలను ఎంతో మించిన వేడిలో మీథేన్‌ను ఆక్సిజన్‌తో పాక్షికంగా మండించి సంశ్లేషణ వాయువును తయారుచేస్తున్నది. లేని ఉత్ప్రేరకం చెడిపోదు. అందుకు బదులుగా గాలి నుండి ఆక్సిజన్‌ను వేరుచేసే బ్రహ్మాండమైన యంత్రాలకు పెట్టుబడి పెట్టవలసి వచ్చింది.

తెలుగు రాష్ట్రాలలో

కాకినాడలో 1992లో ఉత్పత్తి ప్రారంభించిన నాగార్జున ఎరువుల కర్మాగారం కృష్ణా–గోదావరి బేసిన్ సహజవాయువును ముడిసరుకుగా చేసుకొని వెలసినది. రామగుండం చరిత్ర వేరు. అక్కడ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ప్రభుత్వ ఎరువుల కర్మాగారం బొగ్గును వాయువుగా మార్చి సంశ్లేషణ వాయువును పొందేది. అది 1999లో మూతపడింది. అదే ప్రాంగణంలో సహజవాయువు ఆధారంగా నిర్మించిన కొత్త కర్మాగారం 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం. టన్ను అమ్మోనియాలో 176 కిలోల హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి, పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున అక్కడి ఉత్ప్రేరకాలు దాదాపు 390 టన్నుల హైడ్రోజన్‌ను అందించవలసి ఉంటుంది. ఇటువంటి కర్మాగారాలలో ప్రాథమిక రిఫార్మరు తరువాత ద్వితీయ రిఫార్మరు ఉంటుంది. అందులోకి గాలిని పంపి కొంత వాయువును మండిస్తారు. అమ్మోనియాకు కావలసిన నత్రజని అలా చేరుతుంది. అక్కడి ఉత్ప్రేరకం వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో పనిచేయాలి. రిఫార్మరును ఒకసారి ఆపితే చల్లార్చి, బాగుచేసి, మళ్ళీ వేడెక్కించటానికి రోజులు పడతాయి. వానాకాలపు సాగు మధ్యలో అటువంటి ఆటంకం వస్తే దాని ఫలితం సహకార సంఘాల ముందు యూరియా బస్తాల కోసం బారులుతీరే రైతులకు చేరుతుంది.

పల్లెలకు చిరపరిచితమైన గోబర్ గ్యాసులో సుమారు అరవై శాతం మీథేన్, మిగిలినదానిలో ఎక్కువభాగం కార్బన్ డయాక్సైడ్. పొడి సంస్కరణకు కావలసిన రెండు సరుకులూ అందులో ముందే కలిసి ఉన్నాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉన్నది. దానిని తొలగించనిదే నికెల్ ఉత్ప్రేరకం నిలవదు. చెత్తకుప్పల నుండి వచ్చే వాయువులో సిలికాన్ గల సిలోక్సేనులు మరొక విషం. చిన్న స్థాయిలో ఈ శుద్ధి ఖర్చును భరించటమే ఇప్పటికి ప్రధానమైన అడ్డంకి.

విద్యుత్ రిఫార్మర్లు

2019లో డెన్మార్కుకు చెందిన విస్‌మన్, సహచరులు మంటలకు బదులు విద్యుత్తుతో నేరుగా వేడెక్కే గొట్టాన్ని ప్రకటించారు. ఇనుము, క్రోమియం, అల్యూమినియంల మిశ్రలోహపు గొట్టం లోపలి గోడకు నికెల్ ఉత్ప్రేరకాన్ని పలుచని పూతగా పూస్తారు. విద్యుత్తు ప్రవహించే గోడకే ఉత్ప్రేరకం అంటిపెట్టుకొని ఉంటుంది కాబట్టి వేడి దూరం ప్రయాణించనక్కరలేదు. కొలిమి పొగ ఉండదు, రిఫార్మరు పరిమాణం ఎన్నోరెట్లు తగ్గుతుంది. అయితే బిళ్ళలను దించి కొత్తవి పోసినట్లు పూతను మార్చటం సాధ్యం కాదు. గొట్టం వేడెక్కినప్పుడు, చల్లారినప్పుడు లోహం ఒకలా, పింగాణీ పూత మరొకలా వ్యాకోచిస్తాయి. పూత పెచ్చులూడకుండా, నికెల్ కణాలు కలిసిపోకుండా, మసి పట్టకుండా గొట్టం బ్రతికినంతకాలం ఆ పూత కూడా బ్రతకవలసి ఉంటుంది.